ముందు ఆ డిస్కు ఎందులో పెడతారో చెప్పండి

పాత పెళ్లి సీడీలు, డీవీడీలు పాడైపోకముందే కంప్యూటర్లోకి ఎక్కించుకోండి అని కిందటి నెల ఈ శీర్షికలో రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది ఒకటే, ఎక్కించుకున్నవాటిని మళ్లీ డిస్కు మీద రైట్ చేయాలంటే ఇంట్లో కంప్యూటర్‌కి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని. అందుకే ఈసారి పేజీలన్నీ దానికే.

ప్రశ్న: మా ఇంట్లో విండోస్ 10 ఉన్న పాత డెస్క్‌టాప్ ఉంది. డీవీడీ రైటర్ బాగానే పని చేస్తోంది. ఇదివరకు షాపతను నీరో వేసి ఇచ్చాడు, విండోస్ మళ్లీ వేయించాక అది పోయింది. ఇప్పుడు చూస్తే డబ్బు కట్టమంటోంది. షాపతనేమో "మూడొందలివ్వండి, క్రాక్ వేసేస్తా" అంటున్నాడు. మనవల ఫొటోలు, మా నాన్నగారు పద్యాలు పాడిన పాత రికార్డింగులు డిస్కుల్లో పెట్టి మా ముగ్గురు పిల్లలకీ తలో సెట్టు ఇవ్వాలని నా కోరిక. ఏది వేసుకోమంటారు?
రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తణుకు

జవాబు: మాస్టారూ, ముందు ఆ క్రాక్ సంగతి, అంటే డబ్బు కట్టకుండానే ప్రోగ్రాం నడిచేలా చేసే దొంగదారి. వద్దే వద్దు. మూడొందలు పోవడం పెద్ద విషయం కాదు, క్రాక్ పని చేయాలంటే చాలాసార్లు యాంటీవైరస్‌ని ఆపేయమంటారు, దాంతోపాటు లోపలికి ఏం దూరుతుందో వేసినవాడికీ తెలీదు. ఫైళ్లన్నిటికీ తాళం వేసేసి డబ్బులిస్తేనే తెరుస్తామనే వైరస్‌లు ఇలాంటి దారుల్లోనే వస్తాయి. మీ నాన్నగారి గొంతు ఉన్న కంప్యూటర్ అది, దాన్ని అలా వదలకండి.

నీరో చెడ్డదని కాదు. 1997లో జర్మనీలో పుట్టిన ప్రోగ్రాం, ఒకప్పుడు రైటర్ కొంటే చాలా డబ్బాల్లో దాని సీడీ కూడా వచ్చేది, అందుకే మనవాళ్లకి డిస్కు రైటింగ్ అంటే నీరో అని నోటికి అలవాటైపోయింది. ఇప్పుడది వీడియో ఎడిటింగు, బ్యాకప్పు, ఫొటోలు అన్నీ కట్టిన పెద్ద మూట. మీకు కావలసిన చిన్న పనికి అంత మూట మోయక్కర్లేదు, డబ్బూ కట్టక్కర్లేదు.

ఈ ప్రశ్న ఎవరు అడిగినా నేను తిరిగి అడిగేది ఒకటుంది. ఆ డిస్కు ఎందులో పెడతారు? కంప్యూటర్లోనే తెరిచి చూసుకునేదైతే అది డేటా డిస్కు. టీవీ పక్కన ఉన్న డీవీడీ ప్లేయర్లో పెట్టేదైతే వీడియో డిస్కు. పాత సీడీ ప్లేయర్లోనో కారులోనో పెట్టేదైతే ఆడియో డిస్కు. మూడూ పైకి ఒకేలా మెరుస్తాయి గానీ లోపల రాసే పద్ధతే వేరు. డిస్కు ఆడలేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటిలో సాఫ్ట్‌వేర్ తప్పేమీ ఉండదు, ఒక రకం డిస్కు చేసి ఇంకో రకం దాంట్లో పెట్టి ఉంటారు.

మీది డేటా డిస్కు. దీనికి అసలు ఏ సాఫ్ట్‌వేరూ వేయకుండా విండోస్‌తోనే పని అవుతుంది. ఎక్స్‌పీ కాలం నుంచే సీడీలు రాసే సదుపాయం విండోస్‌లో ఉంది, విస్టాతో డీవీడీలూ వచ్చాయి. ఖాళీ డిస్కు పెట్టి ఫైళ్లు లాగి వేస్తే రెండు దారులు చూపిస్తుంది. మొదటిది "లైక్ ఎ యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్", రెండోది "విత్ ఎ సీడీ/డీవీడీ ప్లేయర్". పెన్‌డ్రైవ్ లాగా అంటే సులువు కదా అని చాలామంది మొదటిది నొక్కేస్తారు. అలా రాసిన డిస్కు కొన్ని పాత కంప్యూటర్లలో, దాదాపు అన్ని ప్లేయర్లలో తెరుచుకోదు. మీరు రెండోదే ఎంచుకోండి. పేరులో ప్లేయర్ అని ఉన్నంత మాత్రాన అది వీడియోను మార్చి రాస్తుందని మాత్రం అనుకోవద్దు, ఉన్న ఫైళ్లను ఉన్నట్టే రాస్తుంది, అంతే.

అయితే విండోస్ పద్ధతిలో నాకు నచ్చనిది ఒకటుంది. ఇలా ఫైళ్లు రాశాక డిస్కును తిరిగి చదివి సరిచూడదు. మీలాగా మళ్లీ దొరకని రికార్డింగులు పెట్టేవారికి అది చాలదు. అందుకని సీడీబర్నర్‌ఎక్స్‌పీ వేసుకోమంటాను. పూర్తిగా ఉచితం, పేరులో ఎక్స్‌పీ ఉన్నా విండోస్ 10లో నడుస్తుంది. చివరి వెర్షన్ 2019లో వచ్చింది, ఆ తర్వాత కొత్తది లేదు, కానీ డీవీడీ రాసే పని ఈ ఇరవై ఏళ్లలో పెద్దగా మారలేదు కాబట్టి దాంతో ఇబ్బందేం లేదు. అలా ఆగిపోయినది వద్దనుకుంటే బర్న్‌అవేర్ ఉచిత వెర్షన్ చూడండి, దానికి ఇంకా కొత్త వెర్షన్లు వస్తున్నాయి. కాకపోతే కొన్ని పనులు డబ్బు కట్టిన వెర్షన్లోనే ఉంటాయి. ఏది తీసుకున్నా దాని సొంత సైటు నుంచే దించుకోండి, గూగుల్లో పైన కనపడే ప్రకటనల లింకు నొక్కకండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెక్స్ట్, నెక్స్ట్ అని గబగబా నొక్కేయకుండా ప్రతి పేజీ చదవండి. ఉచిత ప్రోగ్రాములతో పాటు బ్రౌజర్ టూల్‌బార్లు, అడగని ప్రోగ్రాములు అంటించి పంపడం చాలాకాలంగా ఉంది, టిక్కులు తీసేస్తే అవి రావు.

ఇక డిస్కు. డీవీడీ మీద 4.7 జీబీ అని ఉంటుంది, కంప్యూటర్ లెక్కలో అది 4.37 దగ్గర ఆగుతుంది. మోసమేం కాదు, వాళ్లు వెయ్యితో లెక్కేస్తే కంప్యూటర్ 1024తో లెక్కేస్తుంది. కాబట్టి ఒక్కో డిస్కుకి నాలుగు జీబీ చొప్పున ఫోల్డర్లు కట్టుకోండి. మూడు సెట్లు అన్నారు కదా, ప్రతిసారీ ఫైళ్లు ఏరుకోవద్దు. ఒక్కసారి అన్నీ అమర్చి ఐఎస్ఓ ఫైలుగా, అంటే డిస్కు మొత్తానికి అచ్చు లాంటి ఒకే ఫైలుగా, సేవ్ చేసుకుని, దాన్నే మూడు డిస్కుల మీద రాయండి, మూడూ అచ్చు ఒకేలా వస్తాయి. రాసేముందు వెరిఫై అనే చోట టిక్కు పెట్టడం మరవకండి, రాసింది తిరిగి చదివి సరిచూసేది అదే.

ఇంకొక్క మాట. మీ పిల్లల ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే చోటు ఉండకపోవచ్చు, ఈమధ్య వచ్చేవాటిలో ఉండట్లేదు. డిస్కుతో పాటు అవే ఫైళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లోనూ వేసి ఇవ్వండి. వాళ్లు పెన్‌డ్రైవ్ వాడతారు, డిస్కు బీరువాలో ఉంటుంది. పెన్‌డ్రైవ్ మీద పొరపాటున చెరిపేయొచ్చు, ఒకసారి రాసి మూసేసిన డీవీడీ మీద ఎవరూ ఏమీ చెరపలేరు.

ప్రశ్న: మా చిన్నబ్బాయి పెళ్లి వీడియో ఫొటోగ్రాఫర్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. దాన్ని మా తోడికోడలి కొడుకు డీవీడీగా రైట్ చేశాడు. కంప్యూటర్లో చక్కగా వస్తోంది, మా అత్తగారింట్లో ఉన్న ప్లేయర్లో పెడితే "నో డిస్క్" అంటోంది. డాలస్‌లో ఉన్న మా అమ్మాయికీ ఒకటి పంపాలనుకుంటున్నాం. ఎక్కడ తప్పు జరిగింది?
గృహిణి, విజయవాడ

జవాబు: అమ్మా, ఆ అబ్బాయి ఎంపీ4 ఫైలును ఉన్నదున్నట్టు డిస్కు మీద వేసి ఉంటాడు. అది డేటా డిస్కు. పాత డీవీడీ ప్లేయర్‌కి ఎంపీ4 అంటే తెలీదు. దానికి కావలసింది ఎంపెగ్-2 పద్ధతిలో ఉన్న వీడియో, అదీ వీడియో టీఎస్ అనే పేరున్న ఫోల్డర్లో, దానికి నిర్దేశించిన పేర్లతో ఉండాలి. అంటే రాయడానికి ముందు వీడియోను మార్చే పని ఒకటుంది. ఆ మార్చే పని మామూలు బర్నింగ్ సాఫ్ట్‌వేర్లు చేయవు. విండోస్ 7 వరకు డీవీడీ మేకర్ అని ఒకటి విండోస్‌తోనే వచ్చేది, విండోస్ 8 నుంచి తీసేశారు.

దీనికి డీవీడీ స్టైలర్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. ఫైలు అందులో వేస్తే మార్పు అదే చేస్తుంది, మొదట్లో కనపడే మెనూ కూడా తయారు చేసుకోవచ్చు. పెళ్లికూతుర్ని చేయడం, స్నాతకం, జీలకర్రాబెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు అని విడివిడి బొమ్మలు పెట్టి, ఏది నొక్కితే అక్కడికి వెళ్లేలా చేయొచ్చు. మూడు గంటల వీడియోలో అప్పగింతల దగ్గరికి వెళ్లడానికి రిమోట్ నొక్కుతూ కూర్చోవాల్సిన బాధ మీ అత్తగారికి తప్పుతుంది. ఆ మెనూకి ఒక గంట శ్రమ పడినా పడొచ్చు. పాత కంప్యూటర్ అయితే వీడియో మార్చడానికి కొన్ని గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి.

ఎంత వీడియో పడుతుందని మీకు సందేహం రావచ్చు. ఒక డీవీడీకి గంట అయితే బొమ్మ చాలా బాగుంటుంది, రెండు గంటల దాకా ఫరవాలేదు, మూడు గంటలు కుక్కితే కదిలేచోటల్లా గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. మూడు గంటల పెళ్లిని రెండు డిస్కులు చేయండి. 8.5 జీబీ పట్టే రెండు పొరల డిస్కులూ ఉన్నాయి గానీ పాత ప్లేయర్లు కొన్ని వాటితో పేచీ పెడతాయి, అత్తగారి ప్లేయర్ కోసమైతే నేను వాటి జోలికి వెళ్లను.

డాలస్ సంగతి అడిగి మంచి పని చేశారు, చాలామంది పోస్టులో పంపేశాక రాస్తారు. మన టీవీ పద్ధతి పాల్, అమెరికాది ఎన్‌టీఎస్‌సీ. మన దగ్గర ప్లేయర్లు సాధారణంగా రెండూ చూపిస్తాయి, అక్కడి ప్లేయర్లు చాలావరకు పాల్ డిస్కును చూపించవు. డీవీడీ స్టైలర్‌లో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడే పాలా, ఎన్‌టీఎస్‌సీనా అని అడుగుతుంది. ఇక్కడికి పాల్ పెట్టి, అమ్మాయికి ఎన్‌టీఎస్‌సీతో ఇంకోటి తయారు చేయండి. ఒక ప్రాంతానికి చేసినది ఇంకో ప్రాంతపు ప్లేయర్లో ఆడకుండా సినిమా డీవీడీల మీద ఉండే రీజియన్ గొడవ ఇంట్లో రాసుకున్న డిస్కులకి ఉండదు, దాని గురించి టెన్షన్ పడకండి.

ప్రశ్న: మా ఊరి గుడిలో ధనుర్మాసంలో మా భజన బృందం పాడుకున్న తిరుప్పావై పాశురాలు ఫోన్లో రికార్డు చేశాం. గుళ్లో మైక్‌సెట్టుకి కలిపి పాత సీడీ ప్లేయర్ ఉంది. 700 ఎంబీ సీడీ కదా, మా ఫైళ్లన్నీ కలిపి 150 ఎంబీ కూడా లేవు, అయినా "డిస్క్ ఫుల్" అంటోంది. ఒకటి రాశాం గానీ పాశురానికీ పాశురానికీ మధ్య గొంతు తెగిపోయినట్టు నిశ్శబ్దం వస్తోంది. దీనికి వేరే సాఫ్ట్‌వేర్ కావాలా?
ఆలయ కమిటీ సభ్యుడు, కోనసీమ

జవాబు: సాఫ్ట్‌వేర్ మార్చక్కర్లేదు, ఉన్నదాంట్లో రెండు సంగతులు చూసుకుంటే చాలు. ఆడియో సీడీకి ఎంబీలతో పని లేదు, నిమిషాలతోనే లెక్క. మీ ఎంపీ3 ఎంత చిన్నదైనా, రాసేటప్పుడు అది విప్పుకుని సీడీ పద్ధతిలోకి మారుతుంది, సెకనుకు 44,100 శాంపిళ్లు, ఎడమకీ కుడికీ విడివిడిగా. అలా 700 ఎంబీ సీడీకి 80 నిమిషాలు పడుతుంది, అంతకు మించి పట్టదు. మీ రికార్డింగు రెండు గంటలుంటే రెండు సీడీలు చేయాల్సిందే. ఎంపీ3లను ఎంపీ3లుగానే రాస్తే పన్నెండు గంటల దాకా పడతాయి, కానీ మీ పాత ప్లేయర్ మీద ఎంపీ3 అని రాసి ఉంటేనే అది పాడుతుంది. ఒకసారి మూత దగ్గర చూడండి.

ఇక ఆ నిశ్శబ్దం. ట్రాకుకీ ట్రాకుకీ మధ్య రెండు సెకన్ల ఖాళీ పెట్టడం చాలా ప్రోగ్రాముల్లో మామూలుగా ఉంటుంది. సినిమా పాటలకి అది బాగుంటుంది, ఆగకుండా సాగే భజనకీ హరికథకీ బాగుండదు. సీడీబర్నర్‌ఎక్స్‌పీలో ట్రాకుల మధ్య ఖాళీ లేకుండా రాసే ఏర్పాటు ఉంది. డిస్క్ ఎట్ వన్స్ అనే పద్ధతి ఎంచుకోండి, అంటే లేజర్ మధ్యలో ఆగకుండా డిస్కు మొత్తం ఒకే ఊపులో రాస్తుంది. మీది ఫోన్లో తీసిన ఒకే పొడవాటి ఫైలు అయితే ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాంలో పాశురం పాశురంగా ముక్కలు చేసి, వాటిని ఎంపీ3గా కాకుండా వేవ్‌గా సేవ్ చేయండి. ఎంపీ3 చేస్తే ప్రతి ముక్క మొదట్లో రవ్వంత నిశ్శబ్దం అదనంగా చేరుతుంది, ఆ తర్వాత ఎంత మంచి సాఫ్ట్‌వేర్‌తో రాసినా ఆ తెగు పోదు.

మళ్లీ మళ్లీ రాసుకునే ఆర్‌డబ్ల్యూ సీడీ వాడకండి, పాత ప్లేయర్లకి అవి సరిగా కనపడవు. ఒక్కసారే రాయగలిగే మామూలు సీడీ-ఆర్ తెచ్చుకోండి.

ఫైళ్ల పేర్ల గురించి కూడా చెప్తాను, ఇది మన తెలుగువాళ్లకే వచ్చే చిక్కు. డేటా సీడీల మీద జోలియట్ అనే పద్ధతిలో ఫైలు పేరుకి 64 అక్షరాలే హద్దు. మనకి ఒక్క అక్షరంగా కనిపించే "శ్రీ" కంప్యూటర్ లెక్కలో నాలుగు, శకారం, కింది పొల్లు, రకారం, గుడి దీర్ఘం. తెలుగులో కాస్త పెద్ద పేరు పెడితే చటుక్కున హద్దు దాటిపోయి పేరు తెగిపోతుంది. పైగా కారు స్టీరియోలు చాలావాటిలో తెలుగు పేర్లు ఉత్త డబ్బాలుగా కనిపిస్తాయి. ఎంపీ3 సీడీ చేసేటప్పుడు ముందు రెండంకెల సంఖ్య పెట్టి, ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్న పేరు పెట్టుకోండి, వరస కూడా తప్పదు.

ప్రశ్న: 90 శాతం దాకా వచ్చి ఎర్రర్ వస్తోంది. ఒక్కోసారి పూర్తయినట్టే చెప్తుంది, తెరిస్తే చివరి ఫైళ్లు రావు. ఇప్పటికి తొమ్మిది డిస్కులు పోయాయి. నాలుగు సాఫ్ట్‌వేర్లు మార్చాను.
డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: ఐదోది వేయకు. నాలుగు సాఫ్ట్‌వేర్లలోనూ ఒకే చోట పోతోందంటే తప్పు డిస్కులోనో రైటర్లోనో ఉంది. డీవీడీ లోపలి అంచు నుంచి బయటికి రాస్తుంది, బయటి అంచు దగ్గరే చవక డిస్కుల పూత పల్చబడుతుంది, వేగం కూడా అక్కడే ఎక్కువ, అందుకే 90 దగ్గర ఆగడం.

ముందు వేగం తగ్గించు. 16ఎక్స్ అని ఉన్న డిస్కును 8ఎక్స్‌లో రాయి. 1ఎక్స్‌లో ఒక డీవీడీకి 57 నిమిషాలు పడుతుంది, 8ఎక్స్‌లో ఎనిమిది తొమ్మిది నిమిషాలు, 16ఎక్స్‌లో ఐదారు. మూడు నిమిషాల కోసం డిస్కు పోగొట్టుకోవడం ఎందుకు? అలాగని మరీ అడుగు వేగానికి దించినా మేలు జరగదు, ఈ డిస్కుల పూత ఆ వేగానికి చేసింది కాదు. ఆ తర్వాత వేరే కంపెనీ డిస్కులు రెండు విడిగా కొని చూడు, యాభై ఉన్న బండిల్ కొనేయకు. "పవర్ కాలిబ్రేషన్ ఎర్రర్" అని వస్తుంటే ఆ డిస్కు మీ రైటర్‌కి సరిపడట్లేదనో, లేజర్ బలహీనపడిందనో అర్థం. బయట తగిలించే యూఎస్‌బీ రైటర్ అయితే హబ్‌కి కాకుండా నేరుగా కంప్యూటర్ వెనక పోర్టుకి పెట్టు, దానికి కరెంటు చాలకపోయినా ఇలాగే మధ్యలో పోతుంది.

రాస్తున్నప్పుడు కంప్యూటర్ ముట్టుకోకూడదని మీ నాన్న చెప్పి ఉంటారు. అది వాళ్ల కాలంలో నిజం. డేటా అందడం క్షణం ఆలస్యమైతే డిస్కు పోయేది. 2000లో సాన్యో కంపెనీ బర్న్-ప్రూఫ్ అనే ఏర్పాటు తెచ్చింది, ఆ తర్వాత అలాంటివి దాదాపు అన్ని రైటర్లలోకీ వచ్చాయి, ఇప్పుడు లేజర్ ఆగి మళ్లీ అక్కడి నుంచే అందుకుంటుంది. అయినా గేమ్ ఆడుతూ రాయమని మాత్రం చెప్పను.

"పూర్తయినట్టే చెప్తుంది" అన్నావే, అది చదివి నాకు గుండె కలుక్కుమంది. 2008లో మా మామయ్య షష్టిపూర్తి వీడియో నేనే డీవీడీ చేశాను. సక్సెస్ అని వచ్చింది, మొదటి పది నిమిషాలు చూసి బాగుందనుకున్నాను, హార్డ్ డిస్కులో చోటు చాలక అసలు ఫైలు తీసేశాను. మామయ్య మాట్లాడిన భాగం చివర్లో ఉంది. ఆ చివరే చదవడం లేదు. ఆయన ఇప్పుడు లేరు, ఆ మాటలూ లేవు. రాయడం పూర్తయింది అంటే లేజర్ చివరిదాకా వెళ్లింది అని మాత్రమే. తిరిగి చదివి, అసలు ఫైలుతో పోల్చి చూసేది వెరిఫై. దానికి రాసినంత సేపే పడుతుంది, పట్టనీ. వెరిఫై లేని సాఫ్ట్‌వేర్ ఎంత అందంగా ఉన్నా నేను వేసుకోను, నా దృష్టిలో ఎంపికకి మొదటి కొలత అదే.

ఆ పరీక్షకి బాగా పనికొచ్చేది ఇమ్జ్‌బర్న్. ఐ, ఎం, జీ అక్షరాల పక్కన బర్న్ అని వెతుకు. 2013 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు, చూడ్డానికి పాతకాలపు కిటికీలా ఉంటుంది, మొదటిసారి తెరిచినవాళ్లు కంగారు పడతారు. కానీ రాసేటప్పుడు ఏం జరుగుతోందో లైను లైనుగా చూపిస్తుంది, ఎక్కడ తప్పు జరిగిందో దాచదు. ఇన్‌స్టాలర్‌తో అడగనివి అంటుకొస్తాయి, వాటి టిక్కులు తీసేయి. ఒక డిస్కు రాసి ఆ లైన్ల చిట్టా, అంటే లాగ్, నాకు పంపు, చూసి చెప్తాను.

ప్రశ్న: లినక్స్‌లో ఏది? మ్యాక్‌లో ఏది? 
హైదరాబాద్

జవాబు: లినక్స్‌లో కే3బీ. ఆడియో, డేటా, కాపీ, వెరిఫై అన్నీ ఒక్కచోట ఉన్నాయి. గ్నోమ్ అనే డెస్క్‌టాప్ వాడేవారికి బ్రాసెరో, పాత కంప్యూటర్ మీద తేలిగ్గా ఉండాలంటే ఎక్స్ఎఫ్‌బర్న్. మూడూ ఉచితం, మీ లినక్స్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ సెంటర్లోనే దొరుకుతాయి, బయట సైట్లు వెతకక్కర్లేదు. మ్యాక్‌కి రైటర్ బయటిది తగిలించాల్సిందే, ఫైళ్లు రాయడానికి ఫైండర్ చాలు.

ప్రశ్న: విండోస్ 11 ఐఎస్ఓ దించాను. డీవీడీ మీద పట్టడం లేదు. పెద్ద ఫైళ్లు రాసే సాఫ్ట్‌వేర్ చెప్పండి.
ఒంగోలు

జవాబు: ఆ ఐఎస్ఓ 5 జీబీ దాటుతుంది, మామూలు డీవీడీ మీద ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పట్టించలేదు. 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని రూఫస్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాంతో దాని మీదికి ఎక్కించండి, లేదా మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్ వాడండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, ముందే తీసి పెట్టుకోండి.

ప్రశ్న: కొన్న సినిమా డీవీడీ కాపీ తీసే సాఫ్ట్‌వేర్ చెప్పగలరా?
పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: చెప్పను. వాటికి తాళం వేసి ఉంటుంది, కాపీరైట్ హక్కులను ఉల్లంఘించేందుకు ఆ తాళం పగలగొట్టడం 2012 సవరణ తర్వాత మన కాపీరైట్ చట్టం ప్రకారం నేరం. మీ ఇంటి వీడియోల గురించి ఏదైనా అడగండి, ఎంతసేపైనా చెప్తాను.

ప్రశ్న: ఇంత కష్టపడి డిస్కులు రాస్తే ఎన్నేళ్లు ఉంటాయి? అసలు ఇకముందు ఖాళీ డిస్కులు దొరుకుతాయా?
బ్యాంకు ఉద్యోగిని, విశాఖపట్నం

జవాబు: ఉంచిన చోటును బట్టి. ఇరవై ఏళ్ల నాటివి ఇప్పటికీ చదువుతున్నవీ చూశాను, మూడేళ్లకే పోయినవీ చూశాను. మీది సముద్రపు గాలి, తేమ ఎక్కువ. డిస్కులను ఒకదాని మీద ఒకటి పడేయకుండా, డబ్బాల్లో నిలువుగా, వెలుతురు తగలని అరలో పెట్టండి, కిటికీ పక్కనా టీవీ మీదా వద్దు. పైన కాగితం స్టిక్కర్లు అంటించకండి, తిరిగేటప్పుడు బరువు తేడా వచ్చి డీవీడీ ఒణుకుతుంది. బాల్‌పెన్నుతో అసలు రాయకండి. గీత పడకుండా కింది మెరిసే వైపునే అందరూ జాగ్రత్తగా చూస్తారు, నిజానికి సీడీలో సమాచారపు పొర పైన పేరు రాసే వైపుకే దగ్గరగా ఉంది, దాని మీద పల్చటి పూత తప్ప ఏ రక్షణా లేదు. డీవీడీ అయితే రెండు ప్లాస్టిక్ బిళ్లల మధ్య ఉంటుంది కాబట్టి కొంత నయం.

ఎం-డిస్క్ అని ఒక రకం ఉంది, రంగు పూతకి బదులు రాయిలాంటి పొర మీద చెక్కినట్టు రాస్తుంది. వెయ్యేళ్లు ఉంటుందని చేసినవాళ్ల మాట. వెయ్యేళ్ల మాట అటుంచితే, మామూలు డిస్కు పూతలా వెలుతురుకీ తేమకీ పాడవదు కాబట్టి మీ ఊరికి బాగా పనికొస్తుంది. రాయడానికి మీ రైటర్ మీద ఎం-డిస్క్ గుర్తు ఉండాలి, చదవడానికి మాత్రం ఏ డీవీడీ డ్రైవయినా చాలు. ధర ఎక్కువే, అన్నిటికీ అక్కర్లేదు, అమ్మానాన్నల గొంతుల్లాంటి వాటికి పెట్టండి.

దొరకడం అంటారా, తగ్గుతోంది. ఒకప్పుడు మన షాపుల్లో ఎక్కడ చూసినా మోజర్ బేర్ డిస్కులే, తెలుగు సినిమా వీసీడీలు 28 రూపాయలకి అమ్మింది కూడా వాళ్లే. ఆ కంపెనీని మూసి ఆస్తులు అమ్మేయమని 2018లో ఉత్తర్వులొచ్చాయి. ఖాళీ బ్లూ-రే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. ఇంకా చేసేవాళ్లున్నారు, ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి. పని ఉందనుకుంటే ఈ ఏడాదే చేసేసుకోండి. డిస్కు ఒక్కటే దిక్కుగా పెట్టుకోవద్దు, బయటి హార్డ్ డిస్కులో ఒక కాపీ ఉండాలి, ఇంకోటి వేరే ఊళ్లో, అక్కచెల్లెళ్ల ఇంట్లోనో అన్నదమ్ముల ఇంట్లోనో ఉండాలి.

ప్రశ్న: అమ్మకి ఎంఆర్ఐ తీయించినప్పుడు ఫిల్ముతో పాటు సీడీ ఇచ్చారు. రెండో అభిప్రాయం కోసం వేరే ఊరి డాక్టరు గారికి చూపించాలి. ఉన్న ఒక్క సీడీ పంపడానికి భయంగా ఉంది. ఫైళ్లు కాపీ చేసి వేరే సీడీ రాశాను, అది ఆస్పత్రిలో తెరుచుకోలేదట. సీడీ మీద గీతలు కూడా ఉన్నాయి.
అనంతపురం

జవాబు: భయపడటం సబబే, ఆ సీడీ మీ దగ్గరే ఉంచుకోండి. దాని మీద బొమ్మలు డైకామ్ అనే వైద్య పద్ధతిలో ఉంటాయి. వాటితో పాటు డైకామ్ డీఐఆర్ అనే పేరుతో పట్టిక లాంటి ఫైలొకటి ఉంటుంది, ఏ బొమ్మ ఏ ఫోల్డర్లో ఉందో ఆస్పత్రి కంప్యూటర్ దాన్ని చూసే తెలుసుకుంటుంది. మీరు కాపీ చేసేటప్పుడు ఆ ఫైలు వదిలేశారో, ఫోల్డర్లకి పేర్లు మార్చారో, అన్నిటినీ ఇంకో ఫోల్డర్లోకి నెట్టారో, అందుకే తెరుచుకోలేదు.

ఈసారి ఫైళ్లు ఏరకండి. ఇమ్జ్‌బర్న్‌లో డిస్కు నుంచి ఇమేజ్ ఫైలు తయారు చేయి అనే బటన్ ఉంటుంది, దాంతో సీడీ మొత్తాన్ని ఒకే ఐఎస్ఓ ఫైలుగా తీసుకోండి. తీసేముందు సీడీని మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచువైపు తుడవండి, గుండ్రంగా తిప్పుతూ తుడిస్తే సమాచారం ఉన్న దారి వెంటే గీత పడి చదవడం ఇంకా కష్టమవుతుంది. చదవలేకపోతోందని ఆగితే ఇంకొకరి కంప్యూటర్లో ప్రయత్నించండి, ఒక డ్రైవ్ చదవనిది ఇంకోటి చదవడం చాలాసార్లు చూశాను. ఆ ఐఎస్ఓని కొత్త సీడీ-ఆర్ మీద తక్కువ వేగంలో వెరిఫైతో రాసి పంపండి, ఐఎస్ఓ ఫైలును కంప్యూటర్లోనూ పెన్‌డ్రైవ్‌లోనూ దాచండి. ఎక్కడా చదవకపోతే స్కాన్ తీసిన చోటుకి వెళ్లి ఇంకో సీడీ రాసిమ్మని అడగండి, వాళ్ల సర్వర్లో బొమ్మలు కొంతకాలం ఉంచుతారు, తీయించిన తేదీ, బిల్లు నంబరు పట్టుకెళ్లండి. ఆలస్యం చేయకుండా ఈ వారంలోనే వెళ్లండి. అమ్మగారికి ఎలా ఉందో వీలైతే రెండు ముక్కలు రాయండి.